యాత్రికురాలి జవాబులు: శ్రీలంక కొండల్లో రెండు పచ్చదనాలు

ప్రశ్న: వచ్చే ఫిబ్రవరిలో 68 ఏళ్ల మా అమ్మను తీసుకుని శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాను. టూరు ఏజెంటు ఇచ్చిన పట్టికలో నాలుగు రోజులకే కొలంబో, కాండీ, నువర ఎలియ, ఎల్ల, గాలె అన్నీ ఉన్నాయి. మీకు ఆ దేశంలో నిజంగా గుర్తుండిపోయినవి ఏమిటి? వాటిని బట్టి మేము వేటిని వదులుకోవచ్చు? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: నేనైతే ఈసారికి కొలంబోనూ గాలెనూ వదులుకుని, నాలుగు రోజులూ కొండల్లోనే ఉంటాను. మీ అమ్మగారి వయసును దృష్టిలో పెట్టుకునే కాదు, నా సొంత అనుభవాన్ని బట్టి కూడా ఈ మాట చెబుతున్నాను.

2019 ఫిబ్రవరిలో నేనూ నా భర్తా కాండీలో ఉదయం రైలెక్కి, ఏడు గంటల తరువాత ఎల్లలో దిగాము. హట్టన్ దాటగానే రెండు వైపులా తేయాకు వాలులు మొదలయ్యాయి. బోగీలోకి వడలమ్మే అబ్బాయిలు ఎక్కారు. వేయించిన ఎండుమిరపకాయలతో కలిపి శనగపప్పు వడలను కాగితపు పొట్లాల్లో ఇచ్చారు. నా చేతికొచ్చిన పొట్లం ఎవరో పిల్లవాడి లెక్కల నోటు పుస్తకంలోని పేజీ. దాని మీద ఎర్ర సిరాతో దిద్దిన భాగహారాలు ఉన్నాయి. ఆ కాగితాన్ని ఇప్పటికీ నా డైరీలో దాచుకున్నాను.

ఎదుటి సీటులో తలవాకెలెలో దిగవలసిన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఆమె పదవీ విరమణ చేసిన పంతులమ్మ, తోటల్లో పుట్టి పెరిగిన తమిళురాలు. నాకు వచ్చిన కొద్దిపాటి తమిళంతో, ఇంత పచ్చదనం మధ్య బతకడం అదృష్టమని అన్నాను. ఆమె నొచ్చుకోలేదు గాని, చెట్లను కాకుండా వాలు మధ్యలో కనిపిస్తున్న పొడవాటి రేకుల కప్పులను చూడమని వేలితో చూపించారు. అవి ఒకే గోడకు ఆనుకుని వరుసగా కట్టిన లైను గదులు. వాటిలో ఒక గదిలోనే ఆమె, ఆమె తోబుట్టువులు పెరిగారట. తల్లి తలమీదుగా పట్టీ వేసుకుని వీపున సంచి మోస్తూ రెండు ఆకులూ ఒక మొగ్గా చొప్పున గిల్లేదని, సాయంత్రం తూకం తగ్గితే ఆ రోజు కూలిలో కోత పడేదని చెప్పారు.

ఆ సంభాషణ లేకపోతే నాకు ఆ కొండలు ఒక అందమైన బొమ్మగానే మిగిలి ఉండేవి. ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నవి కొన్ని చెబుతాను. అక్కడ మొదట ఉన్నవి కాఫీ తోటలు. 1869లో కనిపించిన ఆకు తుప్పు తెగులు కొన్నేళ్లలోనే వాటిని తుడిచిపెట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 1867లో, జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ దేశీయుడు కాండీ దగ్గర లూల్‌కందురలో 19 ఎకరాల్లో తేయాకు నాటి ఉన్నాడు గనుక, బోసిపోయిన కొండలన్నిటికీ ఆ పంటే పాకింది. దక్షిణ భారతం నుంచి తరలివచ్చిన కూలీల చేతులతోనే అదంతా జరిగింది. అయినా శ్రీలంకకు స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే చేసిన పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా చేసింది. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికీ, శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకకూ మధ్య ఒప్పందం కుదిరి లక్షలమంది భారతదేశానికి తిరిగి రావలసి వచ్చింది. అక్కడ మిగిలిపోయినవారి చిక్కు 2003 చట్టంతో గాని తీరలేదు. ఆ పంతులమ్మ దిగేటప్పుడు తన సంచిలోని రెండు జామకాయలు నా ఒళ్లో పెట్టి వెళ్లారు.

రైలు ఇంకా ఎక్కుతూ పోయి, దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న పట్టిపొల స్టేషను చేరుతుంది. దేశంలో అంతకంటె ఎత్తయిన స్టేషను లేదు. అది దాటాక ఒక సొరంగం వస్తుంది. మేము పొగమంచులో వణుకుతూ దానిలోకి ప్రవేశించి, ఎండ కాస్తున్న మరో లోయలోకి బయటపడ్డాము. బోగీలో అందరూ ఒక్కసారిగా కిటికీల వైపు తిరిగారు. మీ అమ్మగారిని కుడి, ఎడమల గొడవ లేకుండా ఏ కిటికీ దగ్గర కూర్చోబెట్టినా ఫరవాలేదు, కానీ తలుపు దగ్గర నిలబడనివ్వకండి. కొండ అంచులు, పొదలు బోగీకి చాలా దగ్గరగా వస్తాయి.

రెండో పచ్చదనం హార్టన్ మైదానాలది. సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమి 1988 నుంచి జాతీయ వనం. ఇది ఎవరూ నాటినది కాదు. గడ్డి మైదానాల నడుమ పొట్టిగా, వంకర్లు పోయిన చెట్లు, వాటి కొమ్మలకు వేలాడే నాచు, మంచుకు తడిసిన గడ్డిలో మేస్తున్న కణుతులు, అంటే సాంబరు జింకలు, కనిపిస్తాయి. మహావెలి, కెలని, వలవె నదులకు నీరందించే సెలయేళ్లు ఇక్కడే పుడతాయి. అంటే తేయాకు వాలులకూ, దిగువన ఉన్న వరిచేలకూ ఈ అడవే ఆధారం. ద్వారం దగ్గర మా సంచులు వెదికి బిస్కెట్ల ప్లాస్టిక్ రేపరు కూడా తీసేసి కాగితంలో చుట్టి ఇచ్చారు. నాకు ఆ పట్టుదల ఎంతో నచ్చింది. మన అరకులోనూ, తిరుమల నడకదారిలోనూ అంత శ్రద్ధ పెట్టాలని మనసారా కోరుకుంటున్నాను. ‘ప్రపంచపు అంచు’ అని పిలిచే కొండకొమ్ము దగ్గర నేల సుమారు 870 మీటర్ల లోతుకు ఒక్కసారిగా తెగిపోతుంది. తొమ్మిది గంటలు దాటితే మబ్బు కమ్మి ఏమీ కనిపించకపోవచ్చు గనుక ఉదయం ఆరింటికే వనం ద్వారం దగ్గరికి చేరాలి. మొత్తం చుట్టు దాదాపు 9 కిలోమీటర్ల నడక. మీ అమ్మగారు మొదటి కిలోమీటరు నడిచి గడ్డి మైదానాన్ని చూసి వెనక్కి వచ్చినా ఆ ఉదయం వృథా కాదు. ఉన్ని శాలువా తప్పనిసరి. వానలకు కొండచరియలు విరిగిపడినప్పుడు రైలు మార్గం మూతపడుతుంది కనుక, టిక్కెట్లు కొనే ముందు రైళ్లు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. అక్కడ మీకు తిండి ఎలా దొరికింది? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: సమృద్ధిగా దొరికింది, అయితే ఒక జాగ్రత్త అవసరం. అక్కడ ‘ఉంబలకడ’ అనే ఎండిన చేప పొడిని కొబ్బరి పచ్చడిలోనూ, కూరగాయల కూరల్లోనూ రుచి కోసం కలుపుతారు. చూపుకు తెలియదు. అందువల్ల ముందుగానే ‘ఉంబలకడ నెతువ’, అంటే అది లేకుండా, అని చెప్పాలి.

ఎల్లలో మేము ఒక ఇంట్లో అతిథులుగా దిగాము. ఆ ఇంటావిడ ఈ మాట వినగానే నవ్వి, మాకోసం వేరే రోట్లో పోల్ సంబోల్ నూరారు. తురిమిన కొబ్బరి, ఎండుమిరప, చిన్న ఉల్లిపాయలు, నిమ్మరసం. దానితో ఇడియాప్పం, కొబ్బరిపాలు పోసిన ఎర్ర కందిపప్పు, అంటే మన మైసూరుపప్పు, పెట్టారు. మధ్యాహ్నం లేత పనసకాయ కూర వండారు. మన గోదావరి జిల్లాల్లో పనసను పొట్టుగా కొట్టి ఆవపెట్టి వండుతాం కదా, వాళ్లు పెద్ద ముక్కలుగా కోసి మట్టికుండలో మసాలాలతో, కొబ్బరిపాలతో గంటల తరబడి మగ్గబెడతారు. ముక్క ముదురు గోధుమ రంగుకు తిరిగేదాకా కుండ దించరు. పక్కన ‘గొటుకొల’ ఆకు పచ్చిగా తరిగి కొబ్బరి కలిపి ఇచ్చారు. నోట్లో పెట్టుకోగానే గుర్తుపట్టాను, అది మన సరస్వతి ఆకు. చిన్నప్పుడు జ్ఞాపకశక్తికని మా అమ్మమ్మ బలవంతాన నమిలించిన ఆ చేదు ఆకును అంత ఇష్టంగా తింటానని నేననుకోలేదు.

చివరగా గేదె పెరుగు మీద ‘కితుల్’ పాకం పోశారు. కితుల్ అంటే మన విశాఖ మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టే. ఆ గీసిన తియ్యని నీరను పులియనివ్వకుండా మరిగించి పాకం చేస్తారు, ఇంకా మరిగించి బెల్లం కడతారు. పాలు లేని టీ తాగుతూ ఆ బెల్లపు ముక్కను కొరుక్కోవడం అక్కడి అలవాటు. అలా తాగేటప్పుడు టీలో చక్కెర వేయరు. తిరిగి వచ్చేటప్పుడు నేను కొన్నది ఆ బెల్లం ఒక్కటే.

ప్రశ్న: శ్రీలంకలో తెలుగు మాట్లాడేవారు ఉన్నారని విన్నాను, నిజమేనా? (ఒక విద్యార్థిని, హైదరాబాదు)

జవాబు: నిజమే. పాములాడించడం, జోస్యం చెప్పడం వృత్తిగా ఊరూరా తిరిగిన అహికుంటక సంచార కుటుంబాల ఇంటి భాష ఒక రకమైన తెలుగు. ఇప్పుడు చాలామంది స్థిరపడ్డారు. అనురాధపురం జిల్లాలో తంబుత్తెగమ దగ్గర ఉన్న కుడాగమ వారి ఊళ్లలో ఒకటి. ఇక కాండీని 1739 నుంచి 1815లో ఇంగ్లీషువారు ఆక్రమించుకునేవరకు ఏలిన నలుగురు రాజులూ తెలుగు మూలాలున్న మధుర నాయకుల బంధువర్గం నుంచి వచ్చినవారు. కాండీ చెరువు గట్టున నడిచేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ చెరువు తవ్వించినది వారిలో చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహుడు.