సరిహద్దు అవతల యుద్ధం: ప్రణాళిక రాసే యువ అధికారికి

చిరంజీవికి ఆశీస్సులు.

పొరుగుదేశంలో యుద్ధం వస్తే మన వైపు చేయవలసిన ఏర్పాట్లపై ప్రణాళిక రాసే పని నీకు అప్పగించారని విని సంతోషించాను. తటస్థంగా ఉంటామని ప్రకటించినంత మాత్రాన యుద్ధం సరిహద్దు గీత దగ్గర ఆగిపోదని, అది ముందుగా ప్రాణభయంతో వచ్చే మనుషుల రూపంలోనే ఇటు చేరుతుందని గుర్తుంచుకుని పని మొదలుపెట్టు.

అంచనాలను దేశం మొత్తానికి కాక సరిహద్దు జిల్లాల వారీగా వెయ్యి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటిమంది భారతదేశానికి వచ్చినప్పుడు, చిన్న రాష్ట్రమైన త్రిపురలో శరణార్థుల సంఖ్య స్థానిక జనాభాకు చేరువైంది. అదే ఏడాది పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిల్వలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని తాగించి ఎందరినో బతికించారు. అందువల్ల మందులు, తాగునీరు, మరుగుదొడ్ల లెక్క గుడారాల లెక్క కంటే ముందు రావాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఆయుధం పట్టినవారిని సామాన్య ప్రజల నుంచి వేరుచేయడం మీద. 1994 జూలైలో రువాండా నుంచి లక్షలాదిమంది పొరుగునున్న జైర్ (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం)లోని గోమా ప్రాంతానికి చేరినప్పుడు, అంతకుముందు రువాండాలో టుట్సీ తెగవారిపై మారణకాండ జరిపిన ముఠాలు, ఓడిపోయిన ప్రభుత్వ సైనికులు కూడా వారిలో కలిసి వచ్చారు. వారిని వేరుచేసే నాథుడు లేక, శిబిరాలు సరిహద్దుకు ఆనుకునే వెలిశాయి. సాయం పంపిణీపై ఆ ముఠాల పెత్తనం సాగింది. అక్కడి నుంచే రువాండాపై దాడులు జరిగాయి. 1996లో యుద్ధం జైర్‌లోకే ప్రవేశించి, మరుసటి ఏడాది ప్రభుత్వాన్నే కూల్చివేసింది. దీనికి భిన్నంగా 1871లో స్విట్జర్లాండ్, తన గడ్డపైకి వచ్చిన సుమారు 87,000 మంది ఫ్రెంచి సైనికుల ఆయుధాలను సరిహద్దులోనే తీసుకుని, వారిని దేశమంతటా పంచి ఆశ్రయమిచ్చింది. అలా వచ్చిన సైనికులను వీలైనంతవరకు యుద్ధరంగానికి దూరంగా నిర్బంధంలో ఉంచాలని తటస్థ దేశాల బాధ్యతలపై కుదిరిన 1907 నాటి హేగ్ ఒప్పందం కూడా చెబుతోంది. ఈ పనికి శిక్షణ పొందిన సిబ్బంది మొదటి రోజు నుంచే అక్కడ ఉండాలి. శిబిరాలు స్థిరపడ్డాక వేరుచేయడం దాదాపు అసాధ్యం.

దారితప్పి వచ్చిపడే క్షిపణుల విషయంలో తొందరపాటు ప్రకటనలు వద్దు. 2022 నవంబర్ 15న పోలండ్‌లోని ప్షెవోదుఫ్ గ్రామంలో క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. అది రష్యా దాడేనన్న అనుమానాలు చెలరేగినా, ఉక్రెయిన్ గగనతల రక్షణ క్షిపణి అయి ఉండవచ్చని మరునాడే పోలండ్ నాయకత్వం చెప్పింది. అలాంటి రాత్రి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, శకలాలను ఎవరు పరిశీలించాలో నీ ప్రణాళికలో ముందే రాసి ఉండాలి.

వచ్చినవారికి గుర్తింపు పత్రాలు, పనిచేసే హక్కు త్వరగా అందేలా చూడు. యూరోపియన్ యూనియన్ 2022 మార్చిలో ఉక్రెయిన్ ప్రజలకు తాత్కాలిక రక్షణ కింద చేసింది అదే. ఆశ్రయమిచ్చిన ఊళ్లకూ సాయంలో వాటా ఉండాలి. బావి, బడి, ఆసుపత్రి అందరికీ ఇరుకైనప్పుడు మొదట నోరు విప్పేది స్థానిక పేదలే, వారి కోపం అన్యాయమైనదీ కాదు.

ముసాయిదా సిద్ధమయ్యాక పై అధికారులకు పంపేముందు సరిహద్దు జిల్లాల పోలీసు, ఆరోగ్య, నీటిసరఫరా అధికారుల చేత చదివించు. వారు కొట్టివేసిన ప్రతి అంకెకూ కారణం అడిగి రాసుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి