జపాన్‌లో భాష నేర్చుకుంటున్నాను, నాన్నగారికి నిజం చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 23 సంవత్సరాలు. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. జపనీస్ నేర్చుకుని అక్కడే ఉద్యోగం చూసుకోవాలని టోక్యోలో ఒక భాషా పాఠశాలలో చేరి ఆరు నెలలవుతోంది. ఉదయం తరగతులు, వారంలో నాలుగు రాత్రులు కన్వీనియన్స్ స్టోర్‌లో పని. తరగతిలో చైనా విద్యార్థులు నాకంటే ఎంతో ముందున్నారు. స్టోర్‌లో తోటివాళ్ళ మాట ఒక్క ముక్క అర్థం కాదు. రాత్రిపూట మాటల శబ్దం వస్తోందని అపార్ట్‌మెంట్ చూసుకునే సంస్థ ఈ మధ్య పోస్టుబాక్స్‌లో కాగితం వేసింది. ఎదురుపడితే నవ్వుతూ తలవంచే పక్కింటావిడే ఫిర్యాదు చేసి ఉంటుంది. నాన్నగారు అప్పు చేసి పంపారు. ఫోన్‌లో అంతా బాగుందనే చెబుతున్నాను. వచ్చేయాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాలుగైదు బాధలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి, చివరికి ‘నేను ఇక్కడికి పనికిరాను’ అన్న ఒకే మాటగా మిగిలాయి. నాకు మాత్రం వాటన్నిటికంటే ముందు కనిపించింది నిద్రలేమి. రాత్రంతా కౌంటర్ దగ్గర నిలబడి పొద్దున్నే తరగతిలో కూర్చునే మనిషికి తెలుగులో పాఠం చెప్పినా తలకెక్కదు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకు పనిచేయవచ్చన్నది పైహద్దు మాత్రమే. అన్ని గంటలూ చేసి తీరాలని ఎవరూ అనలేదు. రాత్రి పది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా చేసే పనికి జీతంపై కనీసం 25 శాతం అదనంగా వస్తుంది కనుక ఆ షిఫ్టు ఆకర్షణ నాకు అర్థమవుతుంది. కానీ ఆ అదనం కోసం తరగతులు పోగొట్టుకుంటే, వీసా పొడిగింపు సమయంలో అధికారులు చూసే హాజరు దగ్గర మీరే ఇరుక్కుంటారు. గంటలు తగ్గినా సరే, సాయంత్రం షిఫ్టుకు మార్చమని మేనేజరును అడగండి. తగ్గిన డబ్బు పూడ్చుకోవడానికి, లెక్కలో చూపని రెండో పని ఇప్పిస్తామని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఆ 28 గంటల హద్దు మీరు చేసే పనులన్నిటికీ కలిపి వర్తిస్తుంది.

చైనా విద్యార్థులతో మీరు పెట్టుకున్న పోటీ మొదటినుంచీ సమానమైనది కాదు. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం నిర్దేశించిన కంజీలు, అంటే చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు, 2136 ఉంటే, వాటిలో చాలావాటి అర్థం వారికి చూడగానే తెలుస్తుంది. మీరు ఒక్కొక్కటీ దిద్దుకుంటూ రావాలి. వాక్యం కూర్చడంలో మాత్రం వెసులుబాటు మీది. క్రియ చివర రావడం, విభక్తి నామం వెనకాల చేరడం, పెద్దవారితో మాట తీరు మారడం తెలుగులోనూ జపనీస్‌లోనూ ఉన్నవే, మీకు పుట్టుకతో వచ్చిన అలవాట్లే. కాబట్టి మీరు వెనకబడ్డది చదవడంలో; మాట్లాడటంలోనూ అలాగే ఉన్నానని ఎందుకు తేల్చుకున్నారో నాకు తెలియలేదు.

స్టోర్‌లో మాటలు అర్థం కాకపోవడానికి వేరే కారణం ఉంది. పాఠ్యపుస్తకం మీకు ముందుగా నేర్పేది మర్యాద రూపం. తోటి పనివారు తమలో తాము మాట్లాడుకునేది అది వదిలేసిన మాట. ‘బెంటో (డబ్బాలో సర్దిన భోజనం) వేడి చేయమంటారా, సంచి కావాలా’ అని కొనేవారిని తడబడకుండా అడిగే మీకు, పక్కనున్న అమ్మాయి వేసిన జోకు అందకపోవడం వింతేమీ కాదు. మీ వార్డు కార్యాలయంలో విచారించండి. స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు విదేశీయుల కోసం నడిపే జపనీస్ తరగతులు టోక్యోలో చాలాచోట్ల ఉంటాయి, ఖర్చు నామమాత్రం. పరీక్షల భయం లేకుండా మాట్లాడటానికి, పైగా మీతో తీరిగ్గా మాట్లాడే పెద్దవాళ్ళు దొరకడానికి, అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఇక ఆ కాగితం విషయం. ఫిర్యాదు పక్కింటావిడే చేసిందని మీరు ఊహిస్తున్నారే తప్ప, అలాంటి నోటీసుల్లో సాధారణంగా పేరు ఉండదు. మన దగ్గరైతే గోడ మీంచి కేకేసి అడుగుతారు, సాయంత్రానికి కూర గిన్నె కూడా పంపుతారు. అక్కడ ముఖాముఖి అడిగితే ఇద్దరికీ ఇబ్బందని సంస్థ ద్వారా చెప్పిస్తారు. దాన్ని నవ్వుతూ వెన్నుపోటు పొడవడంగా తీసుకోకండి. ఆవిడను నిలదీయవద్దు, పలకరింపు మానవద్దు. అసలు మార్చాల్సింది ఇంటికి ఫోన్ మాట్లాడే వేళను. అమ్మగారు పనులన్నీ ముగించుకుని రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే మీకు పన్నెండున్నర అవుతుంది, పలుచని గోడల ఇళ్ళలో ఆ వేళ మామూలు గొంతు కూడా అవతలికి వినిపిస్తుంది. పని లేని రోజుల్లో మీ రాత్రి ఎనిమిదికి, అంటే ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకు మాట్లాడుకోండి.

నాన్నగారికి ఏం చెప్పాలన్నది అసలు ప్రశ్న. ‘వచ్చేస్తాను’ అని ఇప్పుడే అనకండి, ‘అంతా బాగుంది’ అని కూడా ఇక అనకండి. రాత్రి పని మానుకుంటున్నాననీ, అందువల్ల నెలకు ఇంత తగ్గుతుందనీ, ఫీజుకు ఇంత మిగులుతుందనీ అంకెలతో చెప్పండి. అప్పు చేసిన మనిషికి మీ కన్నీళ్ళకంటే ముందు లెక్క తెలియాలి. అది తెలిస్తే ఆయన మీతో కలిసి ఆలోచించగలుగుతారు. ఆయన కోప్పడవచ్చు కూడా. ఆ కోపాన్ని మీ అమ్మగారి ద్వారా మళ్ళించే ప్రయత్నం చేయకుండా నేరుగా వినండి.

జపనీస్ ప్రావీణ్య పరీక్ష ఏటా జులైలో, డిసెంబరులో జరుగుతుంది. షిఫ్టు మార్చుకున్నాక, సరిపడా నిద్రతో, వచ్చే పరీక్ష రాసి అప్పుడు నిర్ణయించుకోండి. తిరిగి రావడమే మేలనిపిస్తే వచ్చేయండి. ఆ పరీక్షలోని ఐదు స్థాయిల్లో మధ్యదైన ఎన్3 అందుకుని వచ్చినా మీ చదువు వృథా కాదు, ఆ పై స్థాయికి ఇక్కడ కూడా పరీక్ష రాయవచ్చు. తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఇసుజు, డైకిన్ వంటి జపాన్ సంస్థల కర్మాగారాలు ఉన్నాయి, భాష వచ్చినవారిని వెతుక్కునే చోట్లు అవి. అయితే ఈలోగా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం వంటివి ఉంటే పరీక్ష దాకా ఆగవద్దు. టోక్యోలో టెల్ అనే సంస్థ ఫోన్‌లో ఇంగ్లీషులో ఉచితంగా మాట్లాడుతుంది. వారికి ఫోన్ చేయండి, అదే రోజు ఇంట్లోనూ చెప్పండి. మానుకోవాలన్న నిర్ణయం ఖాయమైతే, తర్వాతి విడత ఫీజు కట్టకముందే పాఠశాల కార్యాలయంలో వాపసు నియమాలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.