మనిషి దిగితేనే పక్షి లేస్తుంది

ప్రకృతి పర్యాటకంలో కొత్త పద్ధతులు నిజంగా టూర్ ఆపరేటర్ల వల్లే వస్తాయా, అదంతా ప్రచారమేనా అని నన్ను ఒకరు అడిగారు. ఆరేళ్లుగా చెన్నై నుంచి వారాంతాల్లో పక్షుల యాత్రలు నడుపుతున్నాను. నా అనుభవంలో వస్తాయి. అయితే యాత్ర చెడిపోయిన రోజున వస్తాయి.

మొదటి ఏడాది జనవరిలో నలభై మందిని బస్సులో పులికాట్ సరస్సుకు తీసుకువెళ్లాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో దానికి అటూ ఇటూ ఫ్లెమింగోలు మేస్తుంటాయి. బస్సు ఆగగానే అందరూ బిలబిలమంటూ దిగారు. మంద మొత్తం ఒక్కసారిగా లేచి దూరంగా వాలింది. ఎగిరే రెక్కల గులాబి రంగు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మనసు చివుక్కుమంది. మేత కోసం అంత దూరం వచ్చిన పక్షిని మేత మీద నుంచి లేపింది మేమే కదా!

తిరుగు దారిలో సూళ్లూరుపేటలో టీ తాగుతూ ఈ మాటే అంటే, దుకాణం పెద్దాయన చెప్పారు: "రోజంతా ఆ రోడ్డు మీద బస్సులు పోతూనే ఉంటాయి, వాటికి అవి బెదరవు బాబూ. మనిషి దిగి నడిస్తేనే లేస్తాయి."

ఆ మాటతో మా యాత్ర తీరే మారిపోయింది. పెద్ద బస్సు మానేసి పన్నెండు మంది పట్టే వ్యాను తీసుకున్నాం. ఇంజను ఆపి, కిటికీలు దించి, లోపల కూర్చునే చూస్తాం. వ్యానే మాకు చాటు. దిగేది ఒక్కచోటే, మందకు బాగా దూరంగా. అక్కడ టెలిస్కోపు నిలబెడతాం. ఫ్లెమింగో తల కిందులు చేసి ముక్కు నీటిలో ముంచి, నాలుకతో బురదనీటిని లోపలికి లాగి వడకట్టడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక పాప పది నిమిషాలు కన్ను తీయలేదు.

మనిషికి అయ్యే ఖర్చు దాదాపు రెట్టింపయింది, ఆ ఏడాది నష్టపోయాం. కానీ వచ్చినవాళ్లే మళ్లీ వచ్చారు, నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల గూళ్లు చూడటానికి, ఆ తర్వాత తమిళనాడులోని వేడంతాంగల్ పక్షుల కేంద్రానికి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని అక్కడి రైతులు తరతరాలుగా ఆ పక్షులను కాపాడుతున్నారు. అందుకే అక్కడ యాత్రను పొలం గట్టు మీద మొదలుపెడతాం. మాట్లాడేది రైతే, ఆయన సమయానికి డబ్బు చెల్లిస్తాం. ఈ ఒక్క మార్పును ఇతర ఆపరేటర్లు కూడా అందుకోవాలని నా కోరిక.

గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే సముద్రపు తాబేళ్ల కోసం రాత్రిపూట తీరం వెంట నడిచే యాత్రలు కూడా నడపమని చాలామంది అడుగుతారు. ఒప్పుకోను. చెన్నైలో నీలాంకరై నుంచి బెసెంట్ నగర్ వరకు తీరంలో 1988 నుంచి విద్యార్థుల బృందం రాత్రంతా నడిచి గుడ్లను సేకరించి భద్రపరుస్తోంది. అడిగినవాళ్లను అక్కడికే పంపుతాను. వాళ్లతో నడిచినప్పుడు నేర్చుకున్నది మాత్రం మా వ్యానులోకి తెచ్చాను: బయలుదేరే ముందే అందరి ఫోన్లలో ఫ్లాష్ ఆపించడం.