టెక్ సందేహాలు: కొత్తిమీరకు ట్యూబ్‌లైటు చాలుతుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్. బాల్కనీలోకి ఎండ రాదు. వంటగది పక్కన నాలుగడుగుల అరలో కొత్తిమీర, మెంతికూర, పుదీనా వేద్దామని ఉంది. పాత ట్యూబ్‌లైటు పట్టీలు రెండున్నాయి. అవి పనికొస్తాయా, ఆన్‌లైన్‌లో అమ్మే ఊదారంగు గ్రో లైట్లే కొనాలా?

జవాబు: పట్టీలు పారేయకండి. ఆకుకూరలకు ఆ రెండూ పక్కపక్కన బిగిస్తే చాలు. టమాటా, మిరప కాయించాలంటే మాత్రం వాటి వెలుగు సరిపోదు. ఊదా లైట్లంటే నాకంత మోజు లేదు. మొక్క తెల్లటి వెలుగులోనూ చక్కగా ఎదుగుతుంది. పైగా ఆ ఊదాలో ఆకు పసుపెక్కినా కంటికి ఆనదు.

ట్యూబు చివర అచ్చువేసిన అంకె చూడండి. 865 అని ఉంటే మంచిది. అందులో 65 అంటే 6500 కెల్విన్, పగటి తెలుపు. 765 ఉంటే పాతరకం. 36 వాట్ల కరెంటుకు అది దాదాపు 2500 ల్యూమెన్ల (ట్యూబు ఇచ్చే వెలుగుకు కొలత) వెలుగు ఇస్తే, 865 అదే కరెంటుకు 3250 దాకా ఇస్తుంది. చివర్లు నల్లబడిన ట్యూబును మాత్రం వాడకండి.

చాలామంది తప్పేది ఎత్తు దగ్గర. లైటును అర పైకప్పుకు బిగించేసి, కింద మొలకలు సన్నగా సాగి పక్కకు వాలిపోతుంటే విత్తనాలను తిడతారు. మొక్క కొసకీ ట్యూబుకీ మధ్య నాలుగైదు అంగుళాలు మించకూడదు. గొలుసుతో వేలాడదీస్తే మొక్క ఎదిగే కొద్దీ పైకి లాగొచ్చు. అనుమానముంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో, పడే వెలుగును కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకుని, స్క్రీన్ పైకి ఉండేలా మొక్క దగ్గర పెట్టండి. సెన్సర్ సెల్ఫీ కెమెరా పక్కన ఉంటుంది, వేలు అడ్డం పెట్టకండి. మామూలు గదిలో రెండు మూడు వందల లక్స్ చూపిస్తుంది. ఇక్కడ వేలల్లో చూపించాలి. ఐఫోన్‌లో ఇలాంటి యాప్‌లు కెమెరాతో అంచనా కడతాయి కాబట్టి ఆ అంకెను మరీ నమ్మలేం.

రోజుకు 12 గంటలు చాలు. మరీ ఎక్కువసేపు వెలిగిస్తే కొత్తిమీర తొందరగా పూతకొచ్చేస్తుంది. టైమర్ కొనేటప్పుడు, తిప్పే చక్రం ఉన్నదైతే కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుందని గుర్తుంచుకోండి. బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

చోక్‌లతో కలిపి రెండు ట్యూబులూ సుమారు 90 వాట్లు లాగుతాయి, అంటే నెలకు 32 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండైతే 15 లోపే. ఉన్న ట్యూబులు పోయేదాకా వాడుకోండి. కొత్తగా కొంటే ఎల్‌ఈడీయే కొనండి, వైరింగ్ మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పాదరసం ఉందని ఫ్లోరోసెంట్ ట్యూబుల తయారీని 2027 కల్లా ఆపాలని, పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో నిర్ణయించాయి. అందులో మనదీ ఉంది. పాడైన ట్యూబును పగలగొట్టకుండా ఈ-వేస్ట్ వాళ్లకివ్వండి.

ప్రశ్న: షికాగోలో ఉంటాం. బేస్‌మెంట్‌లో కరివేపాకు మొక్క చలికాలమంతా ఆకులు రాలుస్తోంది. లైటు పెడితే ఆగుతుందా?

జవాబు: లైటొక్కటే చాలదు. నాలుగడుగుల ఎల్‌ఈడీ షాప్ లైటు దగ్గరగా వేలాడదీయండి, కానీ బేస్‌మెంట్ చల్లగా ఉంటే చిగురు రాదు. కుండీని ఇంట్లో వెచ్చటి గదిలోకి మార్చండి. చిగురు ఆగింది కదా అని నీళ్లు మాత్రం ఎక్కువ పోయకండి, వేళ్లు కుళ్లిపోతాయి.