ఐస్‌లాండిక్‌లో ఊరి పేర్ల వ్యాకరణం కాలంతో మారుతుందా?

ఐస్‌లాండ్ దేశపు భాష ఐస్‌లాండిక్ వెయ్యేళ్లుగా మారలేదంటారు, మరి ఊరి పేర్లయినా మారాయా అన్నది ప్రశ్న. మారాయి. ఆ "మారని భాష" ప్రచారమే సగం అతిశయోక్తి.

రాజధానినే తీసుకోండి. ఇవాళ్టి రేక్యావిక్ పాత రాతల్లో "రేక్యార్‌విక్". విక్ అంటే చిన్న అఖాతం. ముందున్న "రేక్యార్" పొగ అనే మాటకు షష్ఠీ ఏకవచనం. "రేక్యా" అదే మాటకు షష్ఠీ బహువచనం. పలుకుబడిలో ఒక్క రకారం జారిపోయేసరికి పొగ అఖాతం కాస్తా పొగల అఖాతం అయి కూర్చుంది. ఎవరూ తీర్మానం చేసి మార్చింది కాదు.

పక్కనే ఉన్న హాప్నార్‌ఫ్యోర్దుర్‌కు ఇప్పుడు అదే జరుగుతోంది. "హాప్నార్" అంటే ఓడరేవు యొక్క, ఫ్యోర్దుర్ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపాయ. చాలామంది రకారం మింగేసి "హాప్నాఫ్యోర్దుర్" అని రాస్తారు, భాషా పండితులు తప్పంటారు. రాజధానికి చెల్లింది పొరుగూరికి ఎందుకు చెల్లదో నాకైతే అర్థం కాదు.

అసలు విశేషం మాత్రం ప్రథమా విభక్తిలో ఉంది. అకురేరి అనే ఊరి పేరు చివరనున్న "ఏరి" అంటే నీళ్లలోకి పొడుచుకొచ్చిన గులకమేట. పాత భాషలో దాని ప్రథమ "ఏర్ర్", ద్వితీయ చతుర్థులు "ఏరి", షష్ఠి "ఏరార్". తర్వాత ఆ ప్రథమ పోయి, దాని స్థానంలోకి "ఏరి" వచ్చింది. హెల్లిస్‌హేది లాంటి పేర్లలోని "హేది" కూడా అంతే, పాత ప్రథమ "హేద్ర్". ఈ తరగతి నామాల్లో చాలావాటికి ఇదే గతి పట్టింది గానీ, ఊరి పేర్ల విషయంలో కారణం వెతకనక్కర్లేదంటాను: ఊరిని కర్తగా వాడేదెప్పుడు? ఎప్పుడూ "ఊళ్లో", "ఊరి నుంచి" అనే కదా. మన దగ్గర నెల్లూరు ఇంటిపేరయ్యేసరికి నెల్లూరి, పోలవరం పోలవరపు అయి బిగిసిపోయినట్టే. షష్ఠి మాత్రం చెక్కుచెదరలేదు: అకురేరికి వెళ్లాలంటే ఈనాటికీ "తిల్ అకురేరార్" (తిల్ అంటే "కి", దాని తర్వాత షష్ఠే రావాలి).

1300 ప్రాంతం నుంచి ప్రథమ చివరి "ర్" ముందు ఉకారం చేరింది. "ఫ్యోర్ద్ర్" ఫ్యోర్దుర్ అయింది అలాగే. కాబట్టి పాత ప్రతి చదివేటప్పుడు ముందు ఇవాళ్టి పేరులోంచి ఆ ఉకారం తీసేసి చూడండి, తర్వాత సమాసం మొదటి భాగం చివర "ఆర్" ఉందా "ఆ" ఉందా అన్నది చూడండి.

వాడుకలో చేయాల్సింది సమాసం చివరి మాటను మార్చడమే: హాప్నార్‌ఫ్యోర్దుర్, ద్వితీయలో -ఫ్యోర్ద్, చతుర్థిలో -ఫిర్ది, షష్ఠిలో -ఫ్యార్దార్. అచ్చులు కూడా మారిపోతాయి, అక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. భాష నేర్పే కొన్ని యాప్‌లేమో ప్రథమ ఒక్కటే చెప్పి చేతులు దులుపుకుంటాయి.

ఇంకో తలనొప్పి, "లో" అనడానికి వాడే మాట. ఊళ్లో ఉండటానికి చతుర్థే గానీ, దాని ముందు "ఈ" రావాలా "అవ్" రావాలా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. రేక్యావిక్, కెప్లావిక్‌లకు "ఈ". హూసావిక్, దాల్విక్‌లకు "అవ్". అన్నీ విక్‌లే! దీనికి సూత్రం కట్టబోయి టైం వేస్ట్ చేసుకోకండి, ఊరితో పాటు బట్టీ పట్టడమే. విభక్తి రూపాలకైతే ఆర్ని మాగ్నూసన్ పేరిట ఉన్న ఐస్‌లాండిక్ భాషా పరిశోధన సంస్థ నడిపే "బీన్" పట్టిక ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రథమ రూపం కొడితే మిగతావి వచ్చేస్తాయి.