సినిమా ప్రశ్నలకు సూటి జవాబులు

ప్ర: రిలీజ్ డేట్ పోస్టర్ చూసి ఆఫీసులో సెలవు పెడతాను, వాళ్లేమో డేట్ మార్చేస్తారు. ఇదేం న్యాయం అన్నా?
– ఫస్ట్ డే ఫస్ట్ షో బాధితుడు, భీమవరం

జ: తమ్ముడూ, మొదటి డేట్ పోస్టర్ నీ కోసం వేసింది కాదు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం చూడు, అదీ ఇదీ ఒకటే. ఆ రోజుకి ఇంకో నిర్మాత రాకుండా ఉండాలని వేస్తారు. ‘ఆర్ఆర్ఆర్’ 2020 జులై 30 అన్నారు, తర్వాత 2021 జనవరి 8, ఆ తర్వాత అక్టోబర్ 13, ఆపైన 2022 జనవరి 7 అని దేశమంతా తిరిగి ప్రమోషన్లు కూడా చేశాక మళ్లీ కరోనా కేసులు పెరిగి ఆగిపోయింది, చివరికి మార్చి 25న వచ్చింది. దానికి కరోనా అనే గట్టి కారణం ఉంది, కాదనను. ‘కల్కి 2898 ఏడీ’ 2024 సంక్రాంతి నుంచి మే 9కి జరిగితే అక్కడ ఎన్నికలు అడ్డొచ్చాయి, జూన్ 27కి వెళ్లింది. ‘పుష్ప 2’ అదే ఏడాది ఆగస్ట్ 15 అని చెప్పి డిసెంబర్‌లో వచ్చింది.

ఎక్కువసార్లు తేలని పని గ్రాఫిక్స్. షూటింగ్‌కి గుమ్మడికాయ కొట్టేశారని వార్త రాగానే మనం సినిమా రెడీ అనుకుంటాం. హీరో వెళ్లిపోయాక ఆ నీలం తెరల ముందు తీసిన షాట్లు ఒక్కొక్కటీ కంప్యూటర్ల మీద తయారై రావాలి, నచ్చకపోతే వెనక్కి పంపాలి. పైగా ఓటీటీ వాళ్లు కూడా ఏ నెలలో ఏ సినిమా వేసుకోవాలో ముందే రాసుకుంటారు కాబట్టి డేట్ విషయంలో వాళ్ల మాటా చెల్లుతుంది. బుకింగ్స్ ఓపెన్ అయ్యాకే సెలవు పెట్టు అని చెప్దామంటే, ‘అఖండ 2’ 2025 డిసెంబర్ 5న రావాల్సింది, ముందు రోజు ప్రీమియర్లకి టికెట్లు అమ్మేశాక ఆగి 12న వచ్చింది. సెలవు పెట్టకు, జ్వరం వచ్చిందని చెప్పు.

ప్ర: మా హీరో సినిమాకి వంద కోట్లు అని పోస్టర్ వేశారు. అవతలి ఫ్యాన్స్ యాభై కూడా రాలేదంటున్నారు. ఎవరిది అబద్ధం?
– క్యాంటీన్ పంచాయితీ పెద్ద, వరంగల్

జ: ఇద్దరిదీ నిజమే కావచ్చు, మీరు గ్రాస్ అంటున్నారు, వాళ్లు షేర్ అంటున్నారు. 177 రూపాయల టికెట్ చూసే ఉంటారుగా, ఆ బేసి అంకె ఎక్కడిదని ఎప్పుడైనా ఆలోచించారా? టికెట్ 150, దాని మీద 18 శాతం జీఎస్టీ 27. మల్టీప్లెక్స్‌లో కనిపించే 295 కూడా అంతే, 250కి 45 కలిపితే వచ్చింది. (వంద లోపు టికెట్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది.) మీరిచ్చిన 177 మొత్తం గ్రాస్‌లో పడుతుంది. అందులో 27 ప్రభుత్వానికి పోయింది. మిగిలిన 150లో మల్టీప్లెక్స్ అయితే ఒప్పందం ప్రకారం తన పర్సంటేజీ పట్టుకుంటుంది, సింగిల్ స్క్రీన్‌లో చాలాచోట్ల అద్దె పోతుంది. అన్నీ పోను డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. కాబట్టి గ్రాస్ వంద, షేర్ యాభై అంటే అది గొడవ పడాల్సిన విషయమే కాదు.

గొడవ పడాలనుంటే ఇంకొకటి ఉంది. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఒక్కో ఏరియాని ఒక్కో బయ్యర్ ఒక్కో రేటుకి కొంటాడు. ఆ రేటుకి షేర్ సరిపోతేనే బ్రేక్ ఈవెన్. నైజాంలో లాభం వచ్చిన సినిమాకే సీడెడ్‌లో బయ్యర్ తల పట్టుకోవచ్చు. ఎక్కువ రేటుకి కొంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా కూడా నష్టమే, తక్కువకి అమ్మితే చిన్న సినిమా కూడా సూపర్ హిట్టే. నిర్మాతకి ఓటీటీ, శాటిలైట్ (టీవీ), ఆడియో డబ్బులు విడిగా వస్తాయి, అవి పోస్టర్ మీద కనిపించవు. ఇంతా తెలుసుకున్నాక నాకు మిగిలిన డౌట్ ఒక్కటే, కొన్నవాడూ అమ్మినవాడూ లెక్కలు చూసుకుంటుంటే మధ్యలో మనకెందుకు బీపీ? మా రోజుల్లో వంద రోజుల సెంటర్ల కోసం కొట్టుకునేవాళ్లం, అదీ పిచ్చే, కాకపోతే అప్పుడు సినిమా మధ్యలో ఎవరూ ఫోన్ తీసి అంకెలు చూసేవాళ్లు కాదు.

ప్ర: సంక్రాంతికి ఒకేసారి నాలుగు సినిమాలు వేసుకుని థియేటర్లు లేవని ఏడవడం ఎందుకు?
– గోదారి గట్టు

జ: అల్లుళ్లు, పిల్లలు, సెలవులు, చేతిలో డబ్బులు అన్నీ ఒకే వారంలో ఉంటాయి కాబట్టి. 2024లో ‘గుంటూరు కారం’తో పాటు జనవరి 12నే వచ్చిన ‘హనుమాన్’కి మొదట్లో థియేటర్లు తక్కువే దొరికాయి, టాక్ వచ్చాక పెంచాల్సి వచ్చింది. 2025లో ‘గేమ్ ఛేంజర్’ 10న, ‘డాకు మహారాజ్’ 12న వస్తే అందరికన్నా వెనక 14న వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ పండగ మొత్తం ఊడ్చుకుపోయింది. ముందు వచ్చినవాడికే ఓపెనింగ్ అన్నది పూర్తిగా నమ్మకండి.

ప్ర: పాత సినిమాలకి మళ్లీ టికెట్ కొనడం వేస్ట్ కాదా?
– ఇంట్లో యూట్యూబ్ ఉంది, కర్నూలు

జ: ఒక్కసారి వెళ్లి చూసి అడగండి. 2022 ఆగస్ట్‌లో మహేష్ పుట్టినరోజుకి ‘పోకిరి’ వేసినప్పటి నుంచి ఈ జోరు మొదలైంది. అక్కడ సినిమా ఎవరూ చూడరు, చేస్తారు. హీరో నోరు తెరవక ముందే హాలంతా డైలాగ్ చెప్పేస్తుంది, పాట రాగానే నలుగురు స్క్రీన్ కిందకి చేరి హీరో వేసే స్టెప్పే వేస్తారు, వాళ్లలో సగం మంది ఆ సినిమా వచ్చినప్పుడు పలక పట్టుకున్న వయసు వాళ్లు. 2010లో ఆడని ‘ఖలేజా’కి 2025 మేలో హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టారు. పదిహేనేళ్లు లేటైనా పర్లేదు. కాగితాలు చింపి ఎగరేయండి, తర్వాత ఊడ్చేవాళ్లని తలుచుకోండి. హాల్లో మంటలు పెట్టేవాళ్లని మాత్రం బయటికి గెంటాలి.

ప్ర: తెలంగాణలో తెల్లవారుజాము షోలు ఎందుకు ఆపుతున్నారు? ఫ్యాన్స్ సరదా అది.
– దిల్‌సుఖ్‌నగర్ డై హార్డ్

జ: 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్‌కి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. దాని తర్వాతే బెనిఫిట్ షోలు ఉండవని ప్రభుత్వం అంది. తర్వాత కొన్ని సినిమాలకి స్పెషల్ షోలు ఇచ్చారనుకోండి. నేను మాత్రం మార్నింగ్ షో చాలంటాను.

ప్ర: నాలుగు వారాల్లో ఓటీటీలో వచ్చేస్తుంటే థియేటర్‌కి ఎవరు వెళ్తారు?
– రిమోట్ రాణి, విజయవాడ

జ: ‘ఓజీ’ 2025 సెప్టెంబర్ 25న థియేటర్లో, అక్టోబర్ 23న నెట్‌ఫ్లిక్స్‌లో, అంటే సరిగ్గా నాలుగు వారాలే. హిందీలో పెద్ద మల్టీప్లెక్సులు ఎనిమిది వారాలు ఆగితేనే వేసుకుంటామంటాయి, అందుకే ‘పుష్ప 2’ 2025 జనవరి 30 దాకా ఓటీటీకి రాలేదు. అయినా మీరు చెప్పండి, ఆ సినిమాల్లో మీరు థియేటర్‌కి వెళ్లనివి ఎన్ని? బాగుంది అంటే ఎలాగూ వెళ్తున్నారు. సోసోగా ఉన్న సినిమాకే ఈ నాలుగు వారాల ముప్పు.

ప్ర: పెద్ద హీరో లేకపోతే మా ఊళ్లో ఎవరూ కదలరు. చిన్న సినిమాలకి భవిష్యత్తు ఉందా?
– సింగిల్ స్క్రీన్ గేట్ కీపర్, సిరిసిల్ల దగ్గర

జ: సిరిసిల్ల నుంచి ఈ ప్రశ్నా! మీ వైపే తీసిన ‘బలగం’ 2023 మార్చిలో వచ్చినప్పుడు ఊళ్లల్లో పంచాయతీ దగ్గర తెరలు కట్టి చూశారు, చూసి అన్నదమ్ములు పట్టుకుని ఏడ్చారు. 2025లో ‘కోర్టు’, ‘లిటిల్ హార్ట్స్’ కూడా పెద్ద హీరో లేకుండానే ఆడాయి. ‘కోర్టు’లో జనం మాట్లాడుకున్నది మంగపతిగా చేసిన శివాజీ గురించి. చిన్న సినిమాకి ఇబ్బంది మొదటి మూడు రోజులే, టాక్ పాకేలోపు షోలు తీసేస్తారు. మీరు గేటు దగ్గరే ఉంటారుగా, మీ ఓనర్‌తో సోమవారం దాకా ఉంచమనండి.

ప్ర: అమెరికాలో మేం ఒక రోజు ముందే చూస్తాం కదా, ఇండియా వాళ్లకి కుళ్లా?
– డాలస్ బాబాయ్

జ: కుళ్లు కాదు బాబాయ్, ఇంటర్వెల్‌లో మీరు పెట్టే పోస్టులు. ఇప్పుడు ఇక్కడా ముందు రోజు రాత్రి ప్రీమియర్లు పడుతున్నాయి, మీ ఆధిక్యం గంటల్లోకి వచ్చేసింది.

ప్ర: ‘వారణాసి’ ఎప్పుడు?
– ఆగలేనివాడు, తిరుపతి

జ: పేరు చెప్పింది 2025 నవంబర్‌లో, రామోజీ ఫిల్మ్ సిటీలో. రావడం 2027లో అంటున్నారు. తీస్తున్నది రాజమౌళి, మొదటి ప్రశ్నకి నేనిచ్చిన జవాబు ఇంకోసారి చదువుకోండి.