పై పది సెంటీమీటర్లు జాగ్రత్త

అమ్మాయీ, ఆశీస్సులు.

సరస్సు అడుగు మట్టి పొరల్లో గత చరిత్ర చదవడానికి ఏ కోరర్ (మట్టిని గొట్టంలోకి నిలువుగా తీసే పనిముట్టు) కొనాలి, ఎంత పొడవు కోర్ (అలా తీసిన మట్టి కడ్డీ) తేవాలి అని అడిగావు. పొడవు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక లెక్క వేసుకో. మనుషుల అలికిడి లేని ఎత్తైన చోట్ల, ధ్రువాలకు దగ్గరి చోట్ల సరస్సు అడుగున మట్టి పేరుకునేది చాలాసార్లు ఏడాదికి ఒక మిల్లీమీటరు లోపే. అర మిల్లీమీటరు అనుకుంటే 150 ఏళ్ల చరిత్ర ఏడున్నర సెంటీమీటర్లలో అయిపోతుంది. ఆమ్ల వర్షం, పొగగొట్టాల మసి, గాలిలో కొట్టుకొచ్చిన నైట్రోజన్, వాతావరణం వేడెక్కడం, ఎవరో తెచ్చి వదిలిన చేపలు... నువ్వు వెతుకుతున్నదంతా ఆ పై పది సెంటీమీటర్లలోనే ఉంటుంది. ఆ భాగమే జావలా ఉంటుంది, తొంభై శాతానికి పైగా నీళ్లే. మీటరు పొడవు కోర్ తెచ్చి పై అయిదు సెంటీమీటర్లను కలిపేసుకుంటే నీ ప్రశ్నకు సంబంధించినంత వరకు తెచ్చింది ఏమీ లేదు.

సరస్సును ఎంచుకోవడంలోనే సగం జవాబు ఉంటుంది. 1980లలో ఆమ్లీకరణ మీద పెద్ద వాదన నడిచింది. సరస్సులు పుల్లబడటానికి ఆమ్ల వర్షం కారణమా, చుట్టూ నేల వాడకం మారడమా అని. స్కాట్లాండ్ నైరుతి మూలన ఉన్న రౌండ్ లాక్ ఆఫ్ గ్లెన్‌హెడ్ అనే చిన్న సరస్సు చుట్టూ కొత్తగా అడవి నాటలేదు. అయినా 19వ శతాబ్దం మధ్య నుంచి అక్కడి డయాటమ్ (సిలికా పెంకు ఉండే సూక్ష్మ నాచు) జాతులు మారుతూ వచ్చాయి, ఆమ్లాన్ని ఓర్చుకునేవి పెరిగాయి. చెట్లు నాటిన సరస్సును మాత్రమే తవ్వి ఉంటే ఏది దేనివల్ల జరిగిందో విడదీయడం కష్టమయ్యేది. నువ్వు అనుమానించే కారణాల్లో ఒకటి ఉండి మరొకటి లేని సరస్సు దొరుకుతుందేమో చూడు. దొరికితే ఎంత నడవాల్సి వచ్చినా అక్కడికే వెళ్లు.

సరస్సు దగ్గరికి చేరగానే కోరర్ బయటికి తీయకు. ఎకో సౌండర్‌తో (శబ్దంతో లోతు కొలిచే పరికరం) అడ్డంగా నిలువుగా గీతలు గీసినట్టు తిరిగి లోతుల పటం తయారుచేసుకో. కావలసింది అన్నిటికంటే లోతైన చోటు కాదు, లోతుగానూ చదునుగానూ ఉన్న చోటు. నిటారు ఒడ్డు కింద అయితే పైనుంచి జారిన మట్టి పాతదాన్ని కొత్తదాని మీద పరుస్తుంది. వాగు కలిసే మూల అయితే ఒక్క వరద ఒక ఇసుక పొర వేసి పోతుంది. మరీ లోతు తక్కువ సరస్సులో గాలి అలలు అడుగును కలియబెడతాయి, చలికాలం మంచుగడ్డ అడుగును తాకి గీరుతుంది. తెప్ప మీద నుంచి తీస్తే లంగర్లు మూడు వేయి. ఒక్క లంగరుతో తెప్ప గడియారం ముల్లులా తిరుగుతుంది, గొట్టం ఒరిగి దిగుతుంది. మంచుగడ్డ మీద నుంచి తీయగలిగితే అంతకంటే హాయి లేదు, వేదిక కదలదు. కానీ నడవడానికి గట్టి, పారదర్శకమైన మంచు కనీసం 10 సెం.మీ. ఉండాలి. తెల్లటి మంచు బలం అందులో సగమే అనుకో.

కోరర్ విషయం: లోపలి వ్యాసం ఏడెనిమిది సెంటీమీటర్లు, పొడవు 60 సెం.మీ. ఉండే పారదర్శక గొట్టంతో, తన బరువుతోనే మట్టిలోకి దిగే గ్రావిటీ కోరర్ చాలు. పిస్టన్ కోరర్ వేల ఏళ్ల వెనక్కి వెళ్లాలనుకున్నప్పుడు వాడేది. దాన్ని దించినా పై భాగం కోసం గ్రావిటీ కోర్ విడిగా తీయాల్సిందే. తాడు సాగని రకం తీసుకో, మీటరు మీటరుకూ గుర్తు పెట్టు. చాలామంది తప్పు చేసేది చివరి మీటరులో. తాడు గబగబా వదిలితే గొట్టం తన ముందు తోసుకొచ్చే నీటికే పై పొర పక్కకు ఎగిరిపోతుంది, నువ్వు తీసుకొచ్చేది తల లేని కోర్. అడుగు ఇంకా మీటరుందనగా ఆపి, తెప్ప నిలకడగా ఉందో లేదో చూసుకుని, నెమ్మదిగా దించు. దిగాక అర నిమిషం ఆగి, గొట్టం పై మూత పడేలా తాడు వెంట మెసెంజర్ బరువు వదులు. పైకి లాగాక గొట్టం కింది కొన నీటిలో ఉండగానే అడుగు మూత పెట్టాలి, బయటికి తీశాక పెడదామనుకుంటే జారిపోతుంది.

ఇప్పుడు గొట్టాన్ని నిలబెట్టి కళ్లతో చూడు. పైన నీళ్లు తేటగా, మట్టి ఉపరితలం సమంగా, దాని మీది మెత్తటి నాచుపొర చెదరకుండా ఉండాలి. నీళ్లు బురదగా ఉంటే, ఉపరితలం ఏటవాలుగా ఉంటే, మట్టి గొట్టం నోటిదాకా వచ్చి ఉంటే పారబోసి మళ్లీ తియ్యి. అలసట వల్ల "ఇది పర్లేదులే" అనిపించే సమయం ఒకటి వస్తుంది. అప్పుడు కూడా పారబోయి.

ఆ కోర్‌ను గొట్టంతోనే మోసుకొస్తానంటే ఒప్పుకోను. నడిచేదారిలో కుదుపులకు జావ అంతా కలిసిపోతుంది, పడుకోబెడితే ఇంకా ఘోరం. గొట్టంలోనే గడ్డకట్టిద్దామా అంటే నీరు ఉబ్బి పొరలను వంచేస్తుంది. ఒడ్డునే కొయ్యి. పై నీటిని సన్నటి గొట్టంతో మెల్లగా లాగేసి, కింది నుంచి తోస్తూ పై 10 సెం.మీ. పావు సెంటీమీటరు ముక్కలుగా, అక్కడి నుంచి అర సెంటీమీటరు ముక్కలుగా తీసుకో. గొట్టం గోడ వెంట పై మట్టి కిందికి పూసుకుపోతుంది. మట్టి కాస్త గట్టిపడ్డాక ప్రతి ముక్క అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు చెక్కి పారేయి. పైన జావలో అది కుదరదు, కనీసం కోసే పలకను ప్రతిసారీ కడుగు. అవక్షేపంలోని డీఎన్ఏ కూడా కావాలంటే దాని నమూనా అన్నిటికంటే ముందు, కొత్త చేతి తొడుగులతో, బ్లీచ్‌తో తుడిచిన పనిముట్లతో తీసి గడ్డకట్టించాలి. మిగతా సంచులకు 4 డిగ్రీల చీకటి చాలు.

మట్టి ఎంత వస్తుందో ముందే లెక్కేసుకోక దెబ్బతినేవాళ్లు ఎక్కువ. 7 సెం.మీ. గొట్టం అడ్డుకోత 38 చ.సెం.మీ. చిల్లర. పావు సెంటీమీటరు ముక్క అంటే దాదాపు 10 ఘ.సెం.మీ. అందులో 95 శాతం నీరు తీసేస్తే ఎండు మట్టి అర గ్రాము. ఆ అర గ్రాములోనే కాలనిర్ణయం, డయాటమ్‌లు, పురుగుల తలతొడుగులు అన్నీ సర్దాలి. అందుకే ఒకేచోట కనీసం మూడు కోర్లు తియ్యి. కానీ ఒక కోర్‌లోని మూడో సెంటీమీటరూ పక్కదాని మూడో సెంటీమీటరూ ఒకే ఏడాదివని అనుకోకు. ప్రతి కోర్‌కూ లోతు వెంట సేంద్రియ పదార్థం శాతం తీసి, ఆ గ్రాఫు గీతలను ఒకదానితో ఒకటి సరిపోల్చాకే కలుపు. ఆ పరీక్ష చవకైనది: 105 డిగ్రీల్లో రాత్రంతా ఎండబెట్టి తూచు, 550 డిగ్రీల్లో నాలుగు గంటలు కాల్చి మళ్లీ తూచు. బంకమన్ను ఎక్కువున్నచోట దాని లోపలి నీరు కూడా పోయి సేంద్రియం ఎక్కువ చూపిస్తుందని గుర్తుంచుకో.

డబ్బు తక్కువైతే సూక్ష్మదర్శిని పనిలో కోసుకో, కాలనిర్ణయంలో కోయకు. సీసం-210 అనే రేడియోధార్మిక సీసం గాలిలోంచి వానతో, మంచుతో దిగుతుంది. దాని అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 22 ఏళ్ల పైచిలుకు, కాబట్టి 150 ఏళ్లకు మించి చెప్పలేదు. మట్టిలోని రేడియం నుంచి అక్కడికక్కడే పుట్టే సీసం-210 కూడా ఉంటుంది, దాన్ని తీసివేయాలి. గామా కొలత అయితే నమూనాను మూడు వారాలు గాలి చొరకుండా మూసి ఉంచేది అందుకే. అర గ్రాముతో గామా లెక్కింపు సరిగా రాదు, ఆల్ఫా కణాలను లెక్కించే పద్ధతి కావాలని ప్రయోగశాలను అడుగు. మొత్తం సీసం-210 ఆ రేడియం స్థాయికి చేరేదాకా కిందికి కొలుస్తూ పో. మధ్యలో ఆపితే మొత్తం నిల్వ తక్కువ తేలి, అడుగు పొరల వయసు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సరిచూసుకోవడానికి అణు విస్ఫోటాల ధూళితో రాలిన సీజియం-137 ఉంది: 1963 నాటి శిఖరం అణుపరీక్షలది, యూరప్‌లో 1986 చెర్నోబిల్ అణు ప్రమాదానిది మరొకటి. సేంద్రియం ఎక్కువున్న ఆమ్ల మట్టిలో సీజియం పైకీ కిందికీ పాకుతుంది కనుక దాన్ని సాక్షిగానే చూడు, తీర్పు దానికి అప్పగించకు. ఇంకా కిందికి వెళ్లాలంటే కార్బన్-14. దానికి మొత్తం మట్టిని పంపకు, నేలమీది మొక్కల ఆకో పుల్లో ఏరి పంపు. సున్నపురాతి నేలల్లో నీటి మొక్కలు పాత కార్బన్‌ను పీల్చుకుని వందల ఏళ్లు ముసలివిగా కనిపిస్తాయి.

డయాటమ్‌లకు తడి మట్టి 0.1 గ్రాము చాలు. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి 80-90 డిగ్రీల నీటి తొట్టిలో గంటల తరబడి ఉంచు. ఎక్కువ మట్టి వేస్తే పొంగి పొర్లుతుంది, ఇది ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగే గూడు) కిందే చేయాలి. స్వేదన జలంతో నాలుగైదుసార్లు కడిగి, కవర్ స్లిప్ మీద వేసి మామూలు గది వేడిలో ఆరనివ్వు. వేడి పలక మీద ఆరబెడితే గుంపులు కడతాయి, లెక్క తప్పుతుంది. వెయ్యి రెట్ల ఆయిల్ లెన్సు కింద ప్రతి నమూనాలో 300 నుంచి 400 కవాటాలు (పెంకు సగాలు) లెక్కపెట్టు. ఒక కణానికి రెండు కవాటాలని మరువకు. మందపు పెంకులవే కనిపిస్తూ పల్చటివి మాయమైతే అది పర్యావరణ మార్పు కాదు, సిలికా కరిగిపోయింది. కైరోనమిడ్ (కుట్టని, దోమలాంటి ఈగ) డింభకాల తలతొడుగులైతే నమూనాకు 50 రావాలి. పావు సెంటీమీటరు ముక్కలో అన్ని రాకపోవచ్చు, పక్క ముక్కలు కలపాల్సి వస్తుంది.

ఫలితాలు వచ్చాక ఒక ఉచ్చు ఉంది. డయాటమ్‌ల నుంచి ఉష్ణోగ్రత లెక్కగట్టి, ఆ ఉష్ణోగ్రత వల్లే డయాటమ్‌లు మారాయని రాయడం. తన నీడను తనే తొక్కుకున్నట్టు ఉంటుంది. కారణానికి సాక్ష్యం వేరేచోటి నుంచి రావాలి: వాతావరణ రికార్డులు, మసి గుళికలు, సీసం, నైట్రోజన్ ఐసోటోపులు. శాతాలు కూడా మోసం చేస్తాయి. ఒక జాతి పెరిగితే మిగతావి తగ్గకపోయినా తగ్గినట్టే కనిపిస్తాయి, కాబట్టి గ్రాముకు ఎన్ని అన్న లెక్క కూడా పక్కన వేయి. కెనడా ఆర్కిటిక్‌లోని ఎల్స్‌మియర్ దీవి కేప్ హెర్షెల్ కొలనుల మీద 1994లో వచ్చిన పని చూడు. వేల ఏళ్లు పెద్దగా కదలని డయాటమ్ జాతులు 19వ శతాబ్దం నుంచి ఒక్కసారిగా మారాయి. ఆ మార్పు ఉన్నది కోర్‌ల తలల్లోనే.

సంచుల మీద సరస్సు, కోర్, లోతు మూడూ పెన్సిల్‌తో రాసి, అవే నోటు పుస్తకంలోనూ రాయి. మార్కర్ సిరా తడికి పోతుంది. లోతుల పటం గీశాక ఎక్కడ దించాలో తేల్చుకునే ముందు నాకో ప్రతి పంపు.